కంటికురుపు లేచినప్పుడు కాటుక పెట్టవచ్చా? గర్బా వేళ కతర్‌గామ్‌లో తలెత్తే ప్రశ్న

కతర్‌గామ్ (సూరత్): ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి మొదలు తొమ్మిది రాత్రులు సూరత్ నగరం గర్బా ఆడుతుంది. నగరానికి ఉత్తర భాగాన ఉన్న కతర్‌గామ్‌లో వజ్రాలకు సాన పట్టే కార్ఖానాలు, లేసు, జరీ పనివారి ఇళ్లు, సౌరాష్ట్ర నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఉండే సొసైటీలు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. చీకటి పడేసరికి ఆ సొసైటీల ఆవరణలే గర్బా ప్రాంగణాలవుతాయి. ఇవే రోజులలో సూరత్‌లోని తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీలు, బతుకమ్మను పేరుస్తారు. రెండు పండుగలలోనూ అలంకారంలో సగం పాలు కంటిదే. చనియా చోళీకి కుట్టిన అద్దాలు ఎంత మెరిసినా, దీపాల వెలుగులో ముందుగా కనిపించేవి కాటుక తీర్చిన కళ్లు.

సరిగ్గా అటువంటి రోజున ఉదయం లేవగానే పైరెప్ప బరువుగా తోస్తుంది. అద్దంలో చూస్తే రెప్ప అంచున జొన్నగింజంత ఎర్రని బొడిపె. తాకితే నొప్పి. కంటికురుపు లేచిందని ఇంట్లో పెద్దలు చూడగానే చెబుతారు. సాయంత్రం దగ్గరపడే కొద్దీ మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే: కాటుక కాస్త దట్టంగా తీర్చి దానిని కప్పివేయకూడదా?

కూడదు. కురుపు లేచిన కంటికే కాదు, బాగున్న రెండో కంటికీ పెట్టకూడదు. వాపు, ఎరుపు, స్రావం పూర్తిగా తగ్గేవరకు కాటుక, ఐలైనర్, మస్కారా, ఐషాడో, అంటించుకునే రెప్పవెంట్రుకలు అన్నీ మానివేయాలి. అంతటితో సరిపోదు. కురుపు కనిపించిన నాటికి వాడుకలో ఉన్న కంటి అలంకరణ సామగ్రిని మళ్లీ ముట్టకుండా పారవేయాలి. ఎఫ్‌డీఏగా వ్యవహరించే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వినియోగదారులకు ఇస్తున్న సలహా ఇదే. నేత్రవైద్యులు చెప్పేదీ ఇదే. ఈ రెండు మాటలలో మొదటిదానిని, అయిష్టంగానైనా, చాలామంది పాటిస్తారు. రెండోది మింగుడుపడదు. తగ్గిన కురుపు నెల తిరగకముందే మళ్లీ లేవడానికి అనేక సందర్భాలలో ఆ రెండో మాటను వినకపోవడమూ ఒక కారణం.

పేరులోనే అంజనం

కంటికురుపును గుజరాతీలో ఆంజణీ అంటారు. కాటుక పెట్టడాన్ని సూచించే గుజరాతీ క్రియ ఆంజ్‌వుం. రెండూ సంస్కృతంలోని అంజనానికి చుట్టాలే. హిందీ ప్రాంతాలలో వినిపించే అంజన్‌హారీ అనే పేరూ ఆ కుటుంబంలోనిదే. ఈ చుట్టరికం చాలా పాతది. సుశ్రుత సంహితలోని ఉత్తర తంత్రం కంటి వ్యాధులను 76గా లెక్కించి, వాటిలో 21 రెప్పలకు చెందినవని చెబుతుంది. ఆ 21లో ఒకదాని పేరు అంజననామిక. మంట, పోటు ఉండి, రాగి రంగులో, మెత్తగా, చిన్నదిగా రెప్పపై లేచే పొక్కు అని దాని వర్ణన. నేటి కంటికురుపుతో అది చక్కగా సరిపోతుంది. పేరు వ్యాధి కారణాన్ని చెప్పదు గాని చోటును మాత్రం చూపుతుంది. కాటుక తీర్చే గీత మీదనే ఈ కురుపు లేస్తుంది.

తెలుగు పేరు వేరే దారిలో నడిచింది. కంటికురుపు అనే మాట కంటికి కనిపించినదాన్నే చెబుతుంది. అంజనం అనగానే తెలుగువారికి పోయిన వస్తువు జాడ తెలుసుకునేందుకు వేసే అంజనం గుర్తుకు వస్తుంది తప్ప రెప్ప మీది గడ్డ కాదు. సూరత్‌కు కొత్తగా వచ్చిన తెలుగువారికి ఈ తేడా మందుల దుకాణంలో అక్కరకు వస్తుంది. గుజరాతీలో ఆంఖ్ ఆవీ అన్నా, హిందీలో ఆంఖ్ ఆయీ అన్నా కళ్లకలక వచ్చిందనే అర్థం. వచ్చీరాని భాషలో కంటికి ఏదో అయిందని చెప్పబోయి ఆ మాట వాడితే, దుకాణదారు కళ్లకలకకు వాడే చుక్కల మందు చేతిలో పెట్టే అవకాశం ఉంది. కళ్లకలకలో ఎర్రబడేది తెల్లగుడ్డు. కన్ను నీరు కారుతుంది, పుసి కడుతుంది, తరచూ ఒక కంటి నుంచి రెండో కంటికి పాకుతుంది. కంటికురుపులో నొప్పి రెప్పపై ఒకే బిందువు వద్ద ఉంటుంది. 2023 జులైలో గుజరాత్‌లోనూ తెలుగు రాష్ట్రాలలోనూ కళ్లకలక విస్తృతంగా వ్యాపించినప్పుడు, స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందులను సొంతంగా కొని వేసుకోవద్దని నేత్రవైద్యులు పదేపదే హెచ్చరించారు. ఆ హెచ్చరిక కంటికురుపుకూ వర్తిస్తుంది. స్టెరాయిడ్ ఎరుపును త్వరగా తగ్గించినట్లు కనిపించినా, కొన్ని రకాల ఇన్‌ఫెక్షన్లను లోలోపల ముదరనిస్తుంది. దీర్ఘకాలం వాడితే కంటిలో పీడనం పెంచుతుంది.

2 మిల్లీమీటర్ల అంచు

కాటుకకూ కురుపుకూ ఉన్న సంబంధం తెలియాలంటే రెప్ప అంచును కాస్త దగ్గరగా చూడాలి. దాని మందం సుమారు 2 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి చోటులో ముందువరుసలో వెంట్రుకలు ఉంటాయి. వాటి మొదళ్లకు చేరువలో చిన్న నూనె గ్రంథులు, చెమట గ్రంథులు ఉంటాయి. వెంట్రుకల వెనుక, కంటిని తాకే వైపు, సూది మొనల వంటి రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. అవి మైబోమియన్ గ్రంథుల నోళ్లు. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరు వాటికి స్థిరపడింది. పైరెప్పలో 25 నుంచి 40 వరకు, కిందిరెప్పలో 20 నుంచి 30 వరకు ఈ గ్రంథులు ఉంటాయి. రెప్ప వాల్చినప్పుడల్లా అవి కొద్దిగా నూనెను వదులుతాయి. ఆ నూనె కన్నీటి పైన పలుచని పొరగా పరచుకుని తడి ఆరిపోకుండా కాపాడుతుంది.

ఈ గ్రంథులలో ఏదైనా మూసుకుపోయి, లోపల నిలిచిన నూనెలో బ్యాక్టీరియా పెరిగితే కురుపు లేస్తుంది. కారణం చాలా వరకు స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఇది ఎక్కడి నుంచో వచ్చిపడేది కాదు. ఆరోగ్యంగా ఉన్న అనేకుల ముక్కులోనూ చర్మంపైనా నిత్యం నివసించేదే. వెంట్రుక మొదట్లో లేచినది బయటి కురుపు, మైబోమియన్ గ్రంథిలో లేచినది లోపలి కురుపు. లోపలిది నొప్పి ఎక్కువ పెడుతుంది, ఆలస్యంగా మానుతుంది. నొప్పి తగ్గాక గట్టి గుండులా మిగిలిపోయేదాన్ని వైద్యులు కలేజియన్ అంటారు. అది ఇన్‌ఫెక్షన్ కాదు, బయటికి రాలేని నూనె చుట్టూ ఏర్పడిన వాపు. ఇక రెప్పవెంట్రుకల మొదళ్లలో చుండ్రు వంటి పొట్టు కట్టి, అంచంతా ఎర్రబడి, దురద పెడుతూ నెలల తరబడి సాగేది బ్లెఫరైటిస్. ఎవరికైనా కురుపులు పదేపదే లేస్తున్నాయంటే దాని వెనుక తరచూ ఈ బ్లెఫరైటిస్ ఉంటుంది.

ఇప్పుడు కాటుక సంగతి. పాశ్చాత్య పద్ధతిలో ఐలైనర్‌ను సాధారణంగా వెంట్రుకలకు బయటివైపు గీస్తారు. మన కాటుక అలా కాదు. కిందిరెప్పను వేలితో కొద్దిగా లాగి, లోపలి తడి అంచుపై ఆ చివర నుంచి ఈ చివరకు తీర్చడమే కాటుక పెట్టడమంటే. మైబోమియన్ గ్రంథుల నోళ్లు ఉన్నది సరిగ్గా అక్కడే. మైనం, నూనె, మసి కలిసిన ముద్దను ఆ నోళ్లపై పూత పూసినట్లవుతుంది. ఆరోగ్యంగా ఉన్న రెప్ప దీనిని చాలావరకు తట్టుకుంటుంది. అప్పటికే ఒక గ్రంథి మూసుకుపోయి చీము పట్టిన రెప్పకు పక్కనున్న గ్రంథుల నోళ్లనూ మూయడం ఏ విధంగానూ మేలు చేయదు.

పెట్టిన చోటే ఉంటుందనుకోవడమూ పొరపాటే. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో అలిసన్ ఎన్‌జీ జరిపిన పరిశీలన 2015లో ప్రచురితమైంది. మెరుపు రేణువులున్న ఐలైనర్‌ను ఒకసారి వెంట్రుకల బయట, మరోసారి లోపలి అంచున గీసి, రేణువులు కన్నీటి పొరలోకి ఎలా చేరుతున్నాయో వీడియో తీసి లెక్కించారు. లోపలి అంచున గీసినప్పుడు 15 నుంచి 30 శాతం అధికంగా రేణువులు కన్నీటిలోకి చేరాయి. అదీ 5 నిమిషాలలోపే. పాల్గొన్నవారి సంఖ్య చాలా చిన్నదే అయినా, సాయంత్రానికి కంటి మూలలో నల్లగా చేరే కాటుకను తుడుచుకునే ఎవరికైనా ఆ ఫలితం కొత్తగా తోచదు. రెప్ప అంచున చీము ఉన్నప్పుడు కాటుకతో పాటు కంటిలోకి ప్రయాణించేది మసి ఒక్కటే కాదు.

పెన్సిల్ మోసుకొచ్చేది

కురుపును తాకిన కాటుక పెన్సిల్ మొన తిరిగి మూతలోకి వెళుతుంది. మరునాడు అదే మొన రెండో కంటిని తాకుతుంది. పండుగ రోజుల్లో అక్కాచెల్లెళ్లు, వదినలు, స్నేహితురాళ్లు ఒకే పెన్సిల్‌ను చేతులు మార్చుకోవడం మామూలే. చెక్క పెన్సిల్ అయితే చెక్కినప్పుడల్లా పైపొర పోయి కొత్త మొన వస్తుంది. అది కొంత నయం. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి అడుగు తిప్పితే పైకి వచ్చే కాటుకలు. వాటిని చెక్కే వీలు లేదు. తాకిన మొన తాకినట్లే ఉంటుంది.

మస్కారా పరిస్థితి ఇంకా క్లిష్టం. సూక్ష్మజీవులు పెరగాలంటే తడి కావాలి. మైనపు పెన్సిల్‌లో అది తక్కువ, ద్రవరూపంలోని మస్కారాలో ఎక్కువ. గొట్టంలో నిల్వ పదార్థాలు కలుపుతారు కాబట్టి కొత్త మస్కారాలో బ్యాక్టీరియా నిలవడం అరుదు. అయితే బ్రష్ వెంట్రుకలను తాకి తిరిగి గొట్టంలోకి దిగిన ప్రతిసారీ కొన్ని సూక్ష్మజీవులు లోనికి చేరతాయి, నిల్వ పదార్థాల శక్తి క్రమంగా సన్నగిల్లుతుంది. ఎండిపోయిన మస్కారాలో నీళ్లో, ఉమ్మో కలిపి పలుచన చేసే అలవాటు ఉన్నవారు ఆ శక్తిని చేజేతులా చంపుతున్నట్లే. ఈ సంగతిని ముందుగా పట్టి చూపినవారిలో అట్లాంటాకు చెందిన నేత్రవైద్యుడు లూయిస్ విల్సన్, సూక్ష్మజీవ శాస్త్రవేత్త డొనాల్డ్ అహర్న్ ఉన్నారు. మస్కారా బ్రష్ పొరపాటున గీసుకుని నల్లగుడ్డుపై పుండు పడిన కేసులను వారు 1977లో ప్రకటించారు. ఆ పుండ్లకు కారణమైన సూడోమొనాస్ బ్యాక్టీరియా మస్కారాలోనే దొరికింది. సూడోమొనాస్ పుండు కంటికురుపు వంటిది కాదు, చూపును తీసుకుపోగలదు. మస్కారాను కొన్న మూడు నెలలకు మార్చివేయాలన్న సలహా వెనుక ఉన్నది ఇటువంటి అనుభవమే.

కంటి అలంకరణ సామగ్రిపై చట్టాలు రావడానికీ కన్నే కారణమైంది. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పవెంట్రుకల రంగు వల్ల కొందరు స్త్రీల కళ్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి, చూపు పోయింది, ఒక మరణమూ సంభవించింది. సౌందర్య సాధనాలను నియంత్రణలోకి తెచ్చిన 1938 నాటి చట్టానికి అది బలమైన ప్రేరణ అయింది.

పారవేయడం దగ్గరికి వచ్చేసరికి మనసొప్పకపోవడం సహజం. నిన్ననే మూత తీసిన పెన్సిల్, పండుగ కోసం కొన్న ఐషాడో పెట్టె. ఖరీదైనది సగమైనా వాడకుండా చెత్తబుట్టలో వేయడమంటే ఏ ఇంట్లోనైనా మాట పడాల్సిందే. కురుపు లేచిన కంటిని తాకిన కాటుక, ఐలైనర్, మస్కారాల విషయంలో మినహాయింపు లేదు. వాటిని కడిగి శుభ్రం చేసే మార్గం లేదు. స్పాంజీలు, అంటించుకునే వెంట్రుకలు, వాటి జిగురు కూడా అంతే. కుంచెలను మాత్రం సబ్బునీటితో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు. పెళ్లికూతుళ్లను, గర్బా బృందాలను ఒకే పెట్టెతో అలంకరించే బ్యూటీ పార్లర్లలో అయితే కంటికి పెట్టే వస్తువును ఒకరికి వాడినది మరొకరికి వాడకుండా, ప్రతి ఒక్కరికీ విడి కుంచె తీయమని అడగడం వినియోగదారు హక్కు. అడగడానికి మొహమాటపడేవారు తమ కాటుకను తామే వెంట తీసుకువెళ్లడం మేలు. దుకాణాలలో అందరూ పరీక్షించి చూసే నమూనా పెన్సిళ్లను కంటికి తాకించకపోవడమే ఉత్తమం.

మందు అనే పేరు

తక్కిన అలంకరణల కన్నా కాటుకను మానిపించడం కష్టం. కారణం, అది అలంకారమే కాక మందు కూడా అనే నమ్మకం. తెలుగు ఇళ్లలో గుంటగలగరాకు రసంలోనో, నందివర్ధనం పూల రసంలోనో గుడ్డను తడిపి ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదపు దీపం వెలిగించి, పైన పట్టిన మసిని నేతితోనో ఆముదంతోనో రంగరించి భరిణెలో దాచుకునేవారు. చలువ చేస్తుందని పెట్టేవారు. గుజరాత్‌లో కాళీ చౌదస్, అంటే మన నరక చతుర్దశి నాడు, కాటుక పెట్టుకోవడం ఆచారం. గర్బా మొదలైన నెలలోపే ఆ రోజు వస్తుంది. కాబట్టి నవరాత్రులలో లేచిన కురుపు తగ్గి, ఆ పెన్సిల్‌ను దాచి ఉంచితే, కాళీ చౌదస్ నాటికి అది మళ్లీ బయటికి వస్తుంది.

ఆశ్చర్యమేమంటే, అంజనాన్ని ఔషధంగా చెప్పిన ఆయుర్వేద గ్రంథాలే దానిని ఎప్పుడు పెట్టరాదో కూడా చెప్పాయి. జ్వరం, ఏడుపు, అలసట వంటి స్థితులలో అంజనం వద్దన్నాయి. కంటి వ్యాధి కొత్తగా రేగి ఉన్న దశలో కాక, అది పక్వమైన తరువాతనే పెట్టాలన్నాయి. అంజననామికకు సుశ్రుతం చెప్పిన చికిత్సలో మొదటి మెట్టు కాపడమే. అమ్మమ్మ చేతి కాటుకను అడ్డం పెట్టుకుని ఎర్రగా ఉబ్బిన రెప్పపై గీత తీర్చేవారికి శాస్త్రం వైపు నుంచి అండ దొరకదు. దీపపు మంటలో పుట్టిన మసి ఆ క్షణాన శుభ్రంగానే ఉండవచ్చు. భరిణెలో రోజూ మునిగే వేలు మాత్రం అలా ఉండదు.

సుర్మా విషయం వేరు. సంప్రదాయికంగా సుర్మాకు వాడే గెలీనా అనే ఖనిజం సీసపు సల్ఫైడే. సీసం శరీరంలో చేరితే ముఖ్యంగా పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. భారతదేశంలో సౌందర్య సాధనాలలో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను వాడరాదన్న నిషేధం చాలాకాలంగా ఉంది. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు. కొనేటప్పుడు డబ్బాపై తయారీదారు చిరునామా, బ్యాచ్ సంఖ్య, లైసెన్సు సంఖ్య, వాడుక గడువు ఉన్నాయో లేదో చూడాలి. ఈ వివరాలేవీ లేని చిన్న డబ్బాను బజారులో ఎంత చవకగా ఇచ్చినా కంటి దరికి తేకూడదు. పసిపిల్లలకు దిష్టిచుక్క పెట్టాలనుకుంటే చెంపపైనో అరికాలిపైనో కాక, కంటిలోపల పెట్టవలసిన అవసరం ఎన్నడూ లేదు. చెంపపై పెట్టినదీ పిల్లల చేతికీ అక్కడి నుంచి నోటికీ చేరుతుందని మరువరాదు.

ఆ వారం రోజులు

సాధారణ కంటికురుపు వారం, రెండు వారాలలో దానంతట అదే పగిలి, చీము పోయి మానుతుంది. ఆ గడువును తగ్గించగల సులువైన ఉపాయం వేడి కాపడం. శుభ్రమైన మెత్తని గుడ్డను చర్మం ఓర్చుకునేంత వేడినీటిలో ముంచి, పిండి, మూసిన కంటిపై 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచాలి. రోజుకు మూడు నుంచి ఐదుసార్లు ఇలా చేస్తే గ్రంథిలో గట్టిపడిన నూనె కరిగి దారి తెరుచుకుంటుంది. అరచేతిలో వేలిని రుద్ది ఆ వెచ్చదనాన్ని కురుపుకు తాకించడం మన పెద్దల పద్ధతి. వేడి మంచిదన్న ఊహ సరైనదే. వేలు తాకడమే సరికాదు, పైగా ఆ వేడి రెండు క్షణాలకు మించి నిలవదు. లవంగం అరగదీసి పూయడం వంటివి రెప్ప చర్మాన్ని కాలుస్తాయి, జారితే కంటిలో పడతాయి. కురుపును మొటిమలా నొక్కి చీము తీయడం అన్నిటికన్నా ప్రమాదకరం. రెప్పలోని ఇన్‌ఫెక్షన్‌ను చుట్టుపక్కల కణజాలంలోకి నెట్టినట్లవుతుంది.

యాంటీబయాటిక్ పూతమందు ప్రతి కురుపుకూ అవసరం ఉండదు. వైద్యుడు రాసి ఇచ్చినప్పుడు, కురుపు తగ్గినట్లు కనిపించినా చెప్పిన రోజుల వరకు వాడాలి. కాంటాక్ట్ లెన్స్‌లు వాడేవారు ఆ రోజులకు కళ్లద్దాలకు మారాలి. తువ్వాలు, దిండు గలీబు విడిగా ఉంచుకుని తరచూ ఉతకాలి. కతర్‌గామ్ వంటి చోట మరో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. వజ్రాల కార్ఖానాలలో ఐగ్లాస్‌గా పిలిచే చిన్న భూతద్దాన్ని కంటికి చేరువగా పట్టి రోజంతా రాళ్లు చూస్తారు. అది చేతులు మారే వస్తువు. కురుపు ఉన్నవారు తమ ఐగ్లాస్‌ను ఎవరికీ ఇవ్వకుండా, తుడిచి వాడుకోవాలి. ఇంటి వద్ద చీరలకు రాళ్లు అంటించే స్త్రీలు జిగురు, ధూళి అంటిన వేళ్లతో కన్ను నలుపుకోవడం మరో అలవాటు. పని మధ్యలో కన్ను దురద పెడితే లేచి చేతులు కడుక్కోవడం తప్ప దారి లేదు.

పండుగ మాటేమిటి? కంటిని వదిలి మిగిలిన ముఖమంతా ఉంది. పెదవులకు రంగు, నుదుట బొట్టు, చెవులకు జూకాలు, జడలో పూలు వీటికి అడ్డు లేదు. కురుపును దాచేందుకు కన్సీలర్‌నో పౌడర్‌నో రెప్పపై అద్దడం మాత్రం కాటుక పెట్టడంతో సమానమే. మెరుపు పొడిని కంటి చుట్టుపక్కలకు రానివ్వరాదు. కళ్లద్దాలు పెట్టుకుని ఆడేవారు ఏ గర్బాలోనైనా కనిపిస్తూనే ఉంటారు. ఒక కన్ను వాచి ఉందని ఎవరూ వలయం నుంచి బయటికి పంపరు.

వాపు, నొప్పి, స్రావం పూర్తిగా పోయి, మందు వాడుతుంటే ఆ కోర్సు కూడా ముగిసిన తరువాతనే మళ్లీ కాటుక జోలికి వెళ్లాలి. అది కొత్త కాటుక కావాలి. మొదట కొద్దిరోజులు లోపలి అంచును వదిలి, వెంట్రుకల బయట గీయడం శ్రేయస్కరం. రాత్రి పడుకునే ముందు దానిని పూర్తిగా తొలగించాలి. గర్బా నుంచి అర్ధరాత్రి దాటి ఇంటికి చేరి, కాళ్ల నొప్పులతో కాటుక కడగకుండానే నిద్రపోవడం ఆ తొమ్మిది రాత్రులలో అందరూ చేసే పని. మరుసటి సంవత్సరపు కురుపుకు విత్తనం పడేది అక్కడే కావచ్చు.

ఆగకూడని సంకేతాలు

కంటికురుపు చిన్న జబ్బే. కొన్ని సంకేతాలు కనిపించినప్పుడు మాత్రం దానిని అలా చూడరాదు. ఎరుపు, వాపు రెప్పంతటికీ పాకి చెంపకు దిగడం, జ్వరం రావడం, కన్ను తెరవలేకపోవడం రెప్ప కణజాలానికి ఇన్‌ఫెక్షన్ సోకినదనడానికి గుర్తులు. కనుగుడ్డును అటూఇటూ కదిలిస్తే నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకు రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మందగించడం వీటిలో ఏది ఉన్నా ఇన్‌ఫెక్షన్ కంటిగుంత లోపలికి దిగి ఉండవచ్చు. పిల్లల్లో ఇది గంటల వ్యవధిలో ముదరగలదు. మరునాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రెప్పపై మేకప్ ఉంటే ఈ ఎరుపు ఎంత మేరకు పాకిందో ఇంట్లోవారికీ తెలియదు, వైద్యునికీ వెంటనే తెలియదు. కప్పిపుచ్చడంలోని అసలు ప్రమాదం ఇదే.

మరో హెచ్చరిక నడివయసు దాటినవారికి. రెప్పపై ఒకే చోట గడ్డ మళ్లీమళ్లీ లేస్తున్నా, దాని మీది వెంట్రుకలు రాలిపోతున్నా దానిని ఎప్పటి కురుపే అని వదిలివేయరాదు. నూనె గ్రంథులలో పుట్టే ఒక రకం కేన్సర్ కురుపు వేషంలోనే వస్తుంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో అది ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. కురుపులు పదేపదే లేచేవారు రక్తంలో చక్కెర కూడా చూపించుకోవాలి.

సూరత్‌లో నగరపాలక సంస్థ నడిపే స్మిమెర్ ఆసుపత్రిలోనూ, ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రిలోనూ నేత్ర విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో మెహదీపట్నం వద్దనున్న సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉంది. అక్కడి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుంచి సేవలందిస్తూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలోని చిన్న పట్టణాలలోనూ కేంద్రాలు నడుపుతోంది. సూరత్‌లో చూపించుకునే తెలుగువారు ఆంజణీ అన్న ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాది వైద్యుడే అడుగుతాడు. రెప్ప అంచును ప్రత్యేక సూక్ష్మదర్శినితో పరీక్షించి ఏ గ్రంథి నోరు మూసుకుందో చూస్తారు కాబట్టి, ఆ రోజు కంటికి ఏమీ పెట్టుకోకుండా వెళ్లాలి. వాడుతున్న కాటుకను, చుక్కల మందును మాత్రం సంచిలో వెంట తీసుకువెళ్లాలి.